ఐదింటి అలారం ఆపెయ్, మాత్ర మాత్రం ఆపకు

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 31. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. పెళ్లయి నాలుగేళ్లు, రెండేళ్ల పాప. ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేశాను. మే నెలలో యార్డుకి సెలవులిచ్చాక నాకు నిద్ర పట్టడం మానేసింది. ఊరికే ఏడుపొచ్చేది. డాక్టర్ దగ్గరికెళ్తే డిప్రెషన్ అన్నారు. ఐదు నెలలుగా మాత్ర వేసుకుంటున్నాను. నిద్ర పడుతోంది, ఏడుపు పోయింది. కానీ లోపలంతా ఖాళీ. పాప వచ్చి కాళ్లకి చుట్టుకుంటే ఎత్తుకుంటాను, ఏమీ అనిపించదు. నన్ను నేను మార్చుకుందామని పొద్దున ఐదింటికి లేస్తున్నాను. చన్నీళ్ల స్నానం, డైరీ, వీడియోలు అన్నీ చేస్తున్నాను. ఎంత చేశానో రోజూ మార్కులేసుకుంటాను. హైదరాబాదులో రెండు రోజుల వ్యక్తిత్వ వికాసం క్లాసుకి 15 వేలు కట్టి వెళ్లొచ్చాను. రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది, మూడో రోజు మళ్లీ అంతే. ‘మాత్రలు బలహీనులకి’ అన్నారు అక్కడ. మానేద్దామనుకుంటున్నాను. రెండో మెట్టు క్లాసుకి 5 వేలు అడ్వాన్స్ కూడా కట్టాను. మొన్న ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి, అమ్ముకోడానికి వచ్చిన ఓ ముసలి రైతుకి లెక్క కాగితం చదివి చెప్పినప్పుడు మాత్రం ఓ అరగంట బాగుంది, అదేం పెద్ద విషయం కాదనుకోండి. మాత్రల సంగతి మా ఆవిడకి తెలుసు, ఊళ్లో అమ్మానాన్నలకి తెలియదు. ఇది జబ్బా, నా స్వభావమే ఇంతా? నేనెందుకు ఎదగలేకపోతున్నాను?
— ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా చిన్నవాడు నీకంటే రెండేళ్లు పెద్ద, అందుకని ‘నువ్వు’ అనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం, మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఈ రాత్రి వేసుకో. రేపు కూడా వేసుకో. ఆపాలా, తగ్గించాలా, ఇంకోటి మార్చాలా అన్నది రాసిచ్చిన డాక్టర్ ఎదురుగా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. నేను డాక్టర్ని కాను. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి, తర్వాత కౌన్సెలింగ్‌లోకి వచ్చినదాన్ని. కానీ మాత్ర హఠాత్తుగా మానేస్తే ఏమవుతుందో నాకు పుస్తకాల్లో చదవకముందే తెలిసింది.

2009లో నేనూ ఈ తెలివైన పని చేశాను. అప్పటికి ఏడాదిగా డిప్రెషన్‌కి మందు వాడుతున్నాను. హాయిగానే ఉంది కదా, ఇంకెందుకని ఎవరికీ చెప్పకుండా ఓ సోమవారం మానేశాను. గురువారం విజయవాడ నుంచి గుంటూరు బస్సులో వస్తున్నాను. మంగళగిరి దాటుతుండగా తలలో చిన్న కరెంటు షాక్ కొట్టినట్టయింది. కళ్లు పక్కకి తిప్పితే చాలు, మళ్లీ జిల్లుమనేది. పక్క సీటావిడ నాకు బస్సు పడట్లేదనుకుని సంచిలోంచి నిమ్మకాయ తీసి చేతిలో పెట్టింది. గుంటూరు బస్టాండులో దిగి, గోడకి ఆనుకుని నిలబడి డాక్టర్‌కి ఫోన్ చేశాను. నేను రెండు ముక్కలు చెప్పానో లేదో, ‘మందు ఎప్పుడు మానేశారు?’ అన్నాడాయన. కొన్ని రకాల మందులు ఒక్కసారిగా ఆపితే ఈ జిల్లుమనడం, తల తిరగడం, వికారం, చిరాకు, పిచ్చి కలలు వస్తాయి. నెమ్మదిగా, కొద్దికొద్దిగా తగ్గిస్తే చాలామందికి అంత ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. రెండు నెలలు తిరక్కుండా నా జబ్బు మళ్లీ మొదటికొచ్చింది. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకి, బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగించడం మామూలు పద్ధతి. ఆ లెక్క మొదటి మాత్ర వేసుకున్న రోజు నుంచి మొదలవదు. మనిషి కుదుటపడిన రోజు నుంచి మొదలవుతుంది. రోజంతా లెక్కలు రాసేవాడివి, ఈ తేడా నీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ లెక్కన నువ్వింకా మధ్యలోనే ఉన్నావు.

‘మాత్రలు బలహీనులకి’ అన్న పెద్దమనిషి బీపీ బిళ్ల వేసుకుంటాడేమో అడగాల్సింది. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, వందమంది పెద్దవాళ్లలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదనీ తేలింది. ఆ ఎక్కువమందిలో ఒకడిగా మిగలకుండా నీ అంతట నువ్వు లేచి డాక్టర్ దగ్గరికి వెళ్లావు. బలహీనుడి లెక్కలోకి నువ్వెలా వస్తావో నాకర్థం కాలేదు.

ఇక ఖాళీ. ఐదు నెలల్లో నువ్వు డాక్టర్ని ఎన్నిసార్లు కలిశావో రాయలేదు గానీ, అక్కడ ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. లోపలికి వెళ్తావు. ‘ఎలా ఉంది?’ అంటారు. ‘బాగానే ఉంది సార్’ అంటావు. ‘నిద్ర?’ ‘పడుతోంది సార్.’ బయట ఇంకో ముప్ఫైమంది కూర్చునుంటారు, చీటీ మీద అదే మందు రాసేస్తారు. మనవాళ్లకి ఈ ‘బాగానే ఉంది’ ఓ మర్యాద. పెళ్లిలో భోజనం ఎలా ఉందన్నా, ఐసీయూలోంచి బయటికొచ్చినవాణ్ణి ఎలా ఉన్నావన్నా అదే మాట. నాకు రాసిన ‘ఖాళీ’ అన్న మాట ఆ గదిలో నోరు దాటి బయటికొచ్చిందా? రాలేదనే నా అనుమానం.

అది చెప్పాల్సిన మాట. ఎందుకంటే ఖాళీ అన్నది ఒక్కటే పేరు గానీ దాని వెనక వేరువేరు కారణాలుంటాయి. డిప్రెషన్ అని తేల్చడానికి డాక్టర్లు తొమ్మిది లక్షణాలు చూస్తారు. వాటిలో కనీసం ఐదు, రెండు వారాలకి తక్కువ కాకుండా ఉండాలి. ఆ ఐదింటిలో రెండు ముఖ్యమైనవాటిలో ఏదో ఒకటి తప్పనిసరి. ఒకటి దిగులు, రెండోది దేనిమీదా ఆసక్తి గానీ సంతోషం గానీ లేకపోవడం. నీకు దిగులు తగ్గింది, రెండోది ఉండిపోయిందేమో. అంటే జబ్బు సగమే తగ్గిందని, వైద్యం ఇంకా పూర్తికాలేదని అర్థం. లేదా ఇది మందు వల్లే కావచ్చు. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే మందులు కొందరిలో ఏడుపుతో పాటు నవ్వు పదును కూడా తగ్గిస్తాయి. మంచీ లేదు చెడ్డా లేదు, అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. మోతాదు సర్దినా, మందు మార్చినా ఇది చాలామందిలో మెరుగవుతుంది. ఆ మందులతో భార్యాభర్తల మధ్య కోరిక కూడా తగ్గొచ్చు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు. చెప్పకుండా తమలో తామే ‘నా పని అయిపోయింది’ అనుకుంటారు. నీకలా ఉంటే అదీ చెప్పు, డాక్టర్లకి ఇది రోజూ వినే మాటే. పనిలోపని థైరాయిడ్, బీ12, రక్తం ఎంతుందో చూడమని అడుగు. సాయంత్రం కొట్టు కట్టేశాక మందు కొట్టే అలవాటుంటే అది కూడా దాచకు.

ఇంకో రకం ఖాళీ ఉంది. అది పదహారు, పదిహేడేళ్ల నుంచే ఉంటుంది. మనుషులతో ఇవాళ ప్రాణం, రేపు పగ అన్నట్టు సంబంధాలు ఊగిపోతుంటాయి. కోపంలో తమని తాము గాయపరచుకుంటారు. బోర్డర్‌లైన్ అనే వ్యక్తిత్వ సమస్యకి చెప్పే తొమ్మిది లక్షణాల్లో ఈ ఎడతెగని ఖాళీ ఒకటి. నీ ఉత్తరంలో మిగతావేవీ కనబడలేదు కాబట్టి ఈ పేరు నీకు అంటించడం లేదు. ఇలాంటి ఉత్తరాలు చదివేవాళ్లలో వేరేవాళ్లుంటారని చెబుతున్నాను. దీనికి పనికొచ్చే చికిత్సని తయారుచేసిన అమెరికా సైకాలజిస్టు మార్షా లైన్‌హాన్, తాను 17 ఏళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటికి చెప్పుకుంది. అప్పటికావిడ ప్రపంచమంతా తెలిసిన ప్రొఫెసర్. నేను ఆ వార్త చదివి, ఆ రోజు సాయంత్రం క్లాసులో నా పిల్లలకి నా మాత్రల సంగతి చెప్పాను. ఇద్దరు పిల్లలు క్లాసయ్యాక ఆగారు.

ఇప్పుడు నీ ఐదింటి అలారం దగ్గరికి వద్దాం. నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే.

నువ్వు విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివానని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. ఆ హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలకి పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పాను, కాబట్టి ఆ ఒక్క ముక్క నాకు చాలు. పొద్దున్నే ఐదింటికి వార్డెన్ తలుపు బాదుతాడు. నీళ్లు చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా బకెట్టు కోసం లైను. కళ్లు మూసుకుపోతుంటే స్టడీ అవర్. వారం చివర పరీక్ష, మార్కులు, ర్యాంకు, ఆ ర్యాంకుని బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్ నుంచి కిందికి దించితే ఆ పిల్లాడు పరుపు చుట్టుకుని వేరే గదికి పోవాలి. ఇంటి మీద బెంగ పెట్టుకుంటే చదువు సాగదు కాబట్టి పిల్లలు బెంగని మూసేయడం నేర్చుకుంటారు. ఓ అబ్బాయి నాతో అన్నాడు, ‘మేడమ్, మొదటి నెల బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాణ్ణి, రెండో నెల నుంచి ఏడుపు రాలేదు, హమ్మయ్య అనుకున్నాను’ అని.

ఇప్పుడు నీ దినచర్య చూడు. ఐదింటికి లేవడం, చన్నీళ్లు, డైరీలో ఎంత చేశానో రాసుకుని మార్కులేసుకోవడం. మూడో రోజు వెనకబడితే నీ మీద నీకే అసహ్యం. ఈసారి వార్డెన్‌వి కూడా నువ్వే, అంతే తేడా. హాస్టల్ని తెచ్చి బ్రాడీపేటలో నీ పడగ్గదిలో పెట్టుకున్నావు. అక్కడ ఏమీ అనిపించకుండా ఉండడం ఆ వయసులో నిన్ను గట్టెక్కించింది. మళ్లీ అవే గంటలు, అవే మార్కులు పెట్టుకుంటే మనసు తనకి తెలిసిన పనే చేస్తుంది, తలుపు వేసుకుంటుంది. ఇది నా ఊహ, నీకు నప్పకపోతే కొట్టిపారెయ్. మన గుంటూరు, విజయవాడల్లో పెరిగిన పిల్లలకి ‘ఎదగడం’ అంటే పై సెక్షన్‌కి పోవడమే. ముప్ఫై ఒకటో ఏట కూడా నువ్వు ‘ఎందుకు ఎదగలేకపోతున్నాను’ అని అడుగుతున్నావంటే, ఇంజనీరింగ్ వదిలేసిన రోజు పరుపు చుట్టుకుని కింది సెక్షన్‌కి వచ్చానని లోపల నమ్ముతున్నావేమో అనిపించింది.

పొద్దున్నే లేవడం చెడ్డదని నేననడం లేదు. మా ఇంట్లో నాలుగున్నరకే లేచేవాళ్లున్నారు, వాళ్లకి పాలవాడితో మాట్లాడ్డం ఇష్టం. డిప్రెషన్‌లోంచి తేరుకుంటున్న మనిషికి నిద్ర కూడా వైద్యంలో భాగమే. నీకు పోయి వచ్చినదే నిద్ర. దాన్ని కోసి వీడియోలు చూడడంలో నాకు లాభం కనబడలేదు. ఇక ఆ క్లాసు గురించి, రెండొందలమందితో కలిసి అరిస్తే, చప్పట్లు కొడితే, ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. భవానీ దీక్షల విరమణకి ఇంద్రకీలాద్రి దగ్గర ఆ జనంలో నిలబడితే నాకూ పులకరిస్తుంది. అమ్మవారు దానికి 15 వేలు అడగదు, మాత్రలు మానెయ్యమనీ చెప్పదు.

మరేం చేయాలి అంటావు. నీ ఉత్తరంలోనే ఉంది, ‘అదేం పెద్ద విషయం కాదనుకోండి’ అని నువ్వు తోసేసిన చోట.

ఆ ముసలి రైతు. నీకు అరగంట బాగుంది అన్నావు. సీజన్లో రోజుకి లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి దిగే యార్డు అది. గుమాస్తాలకి తలెత్తే తీరిక ఉండదు, ఘాటుకి తుమ్ముతూనే రాస్తుంటారు. అలాంటి చోట ఒకాయన తన కాగితం పట్టుకుని నీ ముందు నిలబడ్డాడు. బరువెంత, ధరెంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చేతికొచ్చేది ఎంత అని నువ్వు ఒక్కో వరసా వేలుపెట్టి చూపించి ఉంటావు. ఆ అరగంట నువ్వు నీ లోపలికి తొంగిచూసుకోలేదు, ఆ కాగితంలోకి చూశావు. అందుకే బాగుంది.

దీనికి వైద్యంలో ఓ పద్ధతి ఉంది. మనసు బాగయ్యాక పనులు చేద్దామని కూర్చోకుండా, ఒకప్పుడు కాస్తయినా ప్రాణం పెట్టిన చిన్నచిన్న పనుల్ని ముందు మొదలుపెట్టడం. 1970ల్లో పీటర్ లెవిన్‌సన్ అనే సైకాలజిస్టు దీని మీద పనిచేశాడు. 1996లో నీల్ జేకబ్‌సన్, ఆయనతో పనిచేసినవాళ్లు చేసిన అధ్యయనంలో, ఆలోచనల్ని సరిచేసే పూర్తి చికిత్సకి ఈ ఒక్క భాగమే దీటుగా నిలిచింది. నీ ఐదింటి జాబితా కూడా ‘పనులే’ కదా అంటావేమో. అవి నిన్ను కొలవడానికి పెట్టుకున్నవి. వాటి అవతల ఎవరూ లేరు. ఈ పద్ధతిలో పని చిన్నదిగా ఉండాలి, వీలైతే ఆ పనికి అవతల ఓ మనిషి ఉండాలి. చేశాక ‘ఇప్పుడు బాగుందా, ఎంత బాగుంది’ అని వెంటనే తవ్వుకోకూడదు.

వారానికి ఇద్దరు రైతులకి కాగితం చదివి చెప్పు. ముగ్గురొద్దు, మళ్లీ టార్గెట్ అయిపోతుంది. ఆదివారం పొద్దున పాపని ఎన్టీఆర్ స్టేడియం వైపు తీసుకెళ్లు, పరుగుకి కాదు, ఊరికే. పాపని ఎత్తుకున్నప్పుడు నువ్వు చేసే పని నాకు తెలుసు. ఎత్తుకుంటావు, వెంటనే లోపలికి చూసుకుంటావు, ‘ఏమైనా అనిపించిందా? లేదు.’ అక్కడ మళ్లీ ఓ సున్నా వేసుకుంటావు. ఆ చూసుకోవడం మానేసి పాప వైపు చూడు. రెండేళ్ల పిల్ల నాన్న చొక్కా జేబులో పెన్ను లాగుతుంది, గడ్డం గీరుకుందో లేదో చేత్తో తడిమి చూస్తుంది, నీ చొక్కాకంటిన మిర్చి ఘాటుకి ముక్కు ముడుస్తుంది. ఇంటికి రాగానే చొక్కా మార్చుకుని చేతులు సబ్బుతో కడుక్కో, ఆ చేతులతో దాని కళ్లు తుడవకు. తనకి కావాల్సింది ఇలాంటివే. నీ లోపల ఎంత ప్రేమ నిల్వ ఉందో తను అడగదు.

మీ ఆవిడకి మాత్రల సంగతి తెలుసన్నావు. ఖాళీ సంగతి తెలుసా? చాలా ఇళ్లలో భర్త ముఖంలో ఏమీ కనబడకపోతే భార్య అది తన మీద కోపమే అనుకుంటుంది. ‘నీ మీద కాదు, ఇదీ జబ్బులో భాగమే’ అని ఒక్కసారి నోటితో చెప్పు. ఈసారి డాక్టర్ దగ్గరికి తననీ తీసుకెళ్లు. నువ్వు ‘బాగానే ఉంది సార్’ అన్నప్పుడు పక్కనుంచి ‘లేదండీ’ అనే మనిషి కావాలి. చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకుని వెళ్లు: ఖాళీగా ఉంది, ఎప్పట్నుంచి, పాప దగ్గర కూడా ఇంతే, మాత్ర మానాలనిపిస్తోంది. మర్చిపోతే ఆ చీటీ చేతికిచ్చెయ్. మందుతో పాటు మాట్లాడే చికిత్స కూడా కావాలని అడుగు. ఆ డాక్టర్ దగ్గర కుదరకపోతే మీ పెద్దాసుపత్రి, అంటే జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, విజయవాడ పెద్దాసుపత్రిలోనూ ఉంది.

అమ్మానాన్నలకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ వైద్యం వివరాలు గుట్టుగా ఉంచమని అడిగే హక్కు నీకుంది. కొట్టు ఓనరుకీ చెప్పక్కర్లేదు. అయితే పల్లెలో మీ నాన్న కూడా సరుకు అమ్ముడుపోని ఏడాది ఓ నెల మంచం దిగకుండా పడుకుని ఉన్నాడేమో, దానికి ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదేమో. చెబితే ఒక్కోసారి అలాంటివి బయటపడతాయి.

ఇంకోటి అడగాలి, అడక్కపోతే నా తప్పు. నువ్వు రాయలేదు గానీ, ‘నేను లేకపోయినా ఏం తేడా’ అన్న ఆలోచన ఈ ఖాళీతో పాటు వస్తోందా? వస్తుంటే డాక్టర్ని కలిసే రోజు దాకా ఆగకు. ఇప్పుడే మీ ఆవిడకి చెప్పు, ఒంటరిగా ఉండకు. ఇప్పుడు రాకపోయినా 14416 నంబరు ఫోన్లో పెట్టుకో. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన లేకపోయినా, రాత్రి పదకొండింటికి మాత్ర మానేద్దామా అన్న తీపరం పుట్టినా చెయ్యొచ్చు.

జబ్బా, స్వభావమా అన్నావు. మే నెల దాకా ఎలా ఉన్నావో మీ ఆవిడని అడిగి, ఆవిడ చెప్పింది ఓ కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించు. నీకు నువ్వు గుర్తు లేవు, ఆవిడకి గుర్తుంటావు. స్వభావం మే నెలలో యార్డు సెలవుల్లో మొదలవదు గానీ, సీజన్ పరుగులో ముందునుంచే ఉన్నది నీకు కనబడకపోయి ఉండొచ్చు. ఆవిడకి కనబడి ఉంటుంది.

డైరీ మానెయ్యక్కర్లేదు. మార్కుల కాలమ్ కొట్టేసి, ఆ రైతుది ఏ ఊరో, ఎన్ని టిక్కీలు తెచ్చాడో, లెక్క అర్థమయ్యాక ఏమన్నాడో రాసుకో. రెండో మెట్టు క్లాసుకి కట్టిన 5 వేలు వెనక్కి అడుగు. ఇవ్వం అంటారు. అయినా వెళ్లకు.